సూరత్, సూత్రము: ఐదక్షరముల చరిత్ర

ఒకే అక్షరములనుండి రెండర్థములు పలికించుట తెలుగువారికి క్రొత్త విద్య కాదు. పదునారవ శతాబ్దమున పింగళి సూరన ఒకే పద్యములలో రామకథను, భారతకథను నడిపి రాఘవపాండవీయమును వెలయించెను. ఆంగ్లేయుల వేడుక వేరు. ఒక మాటలోని అక్షరములను తారుమారు చేసి మరియొక మాటను పుట్టించుట వారికి ప్రియమైన ఆట. ఎస్, యు, ఆర్, ఏ, టి అను ఐదక్షరములను ఎదుట పెట్టుకొన్నవానికి వారి నిఘంటువులలో రెండు మాటలు దొరకును. ఒక వరుసలో కూర్చిన ‘సూరత్’, వేరొక వరుసలో కూర్చిన ‘సూత్ర’. రెండును మన దేశమునుండి పోయినవే. మొదటిది తపతీతీరమునందలి పట్టణము పేరు. ఆంగ్లమున అది ఒకరకపు దూదికిని, ముతకబట్టకును పేరైనది. రెండవదానికి మూలార్థము దారము.

దూదియు దారమును ఇట్లు ఒకే అక్షరములలో ఇముడుట కేవలము కాకతాళీయము. ‘సూత్ర’ శబ్దము కుట్టుట అను అర్థముగల ‘సివ్’ ధాతువునకు చెందినది. ఆంగ్లమున కుట్టుటకు వాడు ‘సో’ అను క్రియయు, వైద్యులు గాయమునకు వేయు కుట్టునకు పేరైన ‘స్యూచర్’ అను మాటయు ఆ కుటుంబములోనివే. కావున సూత్రము ఆంగ్లమునకు దూరపు చుట్టము; సూరత్ వర్తకమువలన వచ్చిన అతిథి. ఆ పట్టణమునకు సూర్యపురమని పూర్వనామమని ఒక ఐతిహ్యము కలదు గాని, దానికిని దారమునకును సంబంధము లేదు. అక్షరసామ్యమును నమ్ముకొని చరిత్ర వ్రాయరాదు. మస్లిన్ అను మాట మన మచిలీపట్నమునుండి పుట్టినదని కొందరు సంబరముగా చెప్పుకొందురు. నిఘంటుకారులు ఇరాకులోని మోసుల్ నగరమును చూపుదురు. కలంకారీ అద్దకముతో పేరుగన్న మచిలీపట్నమునకు ఆ అరువు గౌరవము అక్కరయే లేదు.

నిజమైన సంబంధము ఆ రెండు రేవులకును వేరొక విధముగా కలదు. 1608 ఆగస్టులో విలియం హాకిన్సు ‘హెక్టర్’ నావపై వచ్చి సూరత్‌లో దిగెను. 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నమున కోఠీ పెట్టిరి. 1612లో సూరత్ చేరువనున్న సువాలీ కడ థామస్ బెస్ట్ పోర్చుగీసు నావలను ఎదిరించి నిలిచిన పిమ్మట సూరత్ కోఠీయు స్థిరపడెను. దానిని వారు ‘ఫ్యాక్టరీ’ యనిరి. అది యంత్రములు తిరుగు చోటు కాదు. వర్తకులు సరుకు కొని నిలువజేయు ఇల్లు. అచ్చటినుండి గుజరాతు బట్టలు పడమటికి పోయినవి; బట్టతోపాటు ఊరి పేరును పోయినది. శివాజీ 1664లోను 1670లోను ఆ పట్టణమును కొల్లగొట్టెను. 1687లో కంపెనీవారు తమ ప్రధానస్థానమును బొంబాయికి మార్చిరి. సూరత్ వైభవము క్రమముగా తగ్గెను గాని వర్తకుల నోట ఆ పేరు మిగిలెను. పడమటి తీరమునుండి ఓడకెక్కిన దూది యెల్ల, అది ఖాందేశములో పండినను బీరారులో పండినను, లివర్‌పూల్ బజారులో ‘సూరత్’ అనియే చెల్లెను.

ఈ పేరునకు అపకీర్తి వచ్చిన కథ 1861లో ఆరంభమగును. అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగి దక్షిణరాష్ట్రముల రేవులు దిగ్బంధింపబడినవి. లాంకషైరు మిల్లులకు వలసిన దూదిలో ముప్పాతికకు పైగా అచ్చటినుండియే వచ్చుచుండెను. అది ఆగిపోగా లక్షలకొలది కార్మికులు పని కోల్పోయిరి. సగము పనితో కాలము గడపినవారును పెక్కురు. ఆ కరవున వారికి దిక్కైనది భారతదేశపు దూది. కాని దాని పోగు పొట్టిది. అమెరికా దూదికి సరిపోవునట్లు అమర్చిన యంత్రములపై అది మాటిమాటికి తెగెను. మూటలలో ఆకు, గింజ, దుమ్ము కలసి వచ్చెను. నేసినంతకే కూలి గనుక, తెగిన ప్రతి పోగును నేతగాని రొట్టెలో కోతయే. దూది పంపుమని ఒకడు ప్రార్థించుచుండగా, సూరత్ దూది మాత్రము వలదని మరియొకడు దేవుని వేడుకొనెనని ఒక కథ పుట్టినది. మరమగ్గముల పని చేసిన శామ్యూల్ లేకాక్ అను కవి ‘షూరత్’ నేతగాని పాటయొకటి వ్రాసెను. ఆ ప్రాంతపు ఉచ్చారణ అట్టిది. మాట అక్కడితో ఆగలేదు. కల్తీసరుకేదైనను ‘సూరత్’ అనబడెను. 1863లో బీరు తయారుచేయు వర్తకులు కొందరు, తమకు ఆ విశేషణము తగిలించినందుకు న్యాయస్థానమున దావా వేసిరి! ఒకనాడు తమ దేశపు రాయబారి సర్ థామస్ రో దిగిన రేవు పేరు, రెండున్నర శతాబ్దముల పిమ్మట వారికే తిట్టుగా మారినది.

తప్పెవరిది? లాంకషైరు నేతగానిని నిందింప నాకు మనసొప్పదు. అతని ఆకలి నిజము. కాని సూరత్ పట్టణము చేసిన నేరమేమి? ఆ దూదిలో అధికభాగము దాని పొలిమేరలలో పండలేదు, దాని రేవునుండి కదలనులేదు. పొట్టిపోగు దూది మన చేతిరాట్నమునకును చేతిమగ్గమునకును తగినది. వేరు దూదికై అమర్చిన యంత్రముపై తెగుట దాని దోషము కాదు. మట్టిగింజలు కలిపి తూకము పెంచిన దళారీల దోషము మాత్రము దోషమే. లాభము బొంబాయికి చేరెను. అచ్చట వాటాల వ్యాపారము పిచ్చిగా పెరిగి 1865లో యుద్ధము ముగియగానే కూలెను. నింద సూరత్‌కు మిగిలెను. మన గుంటూరు, కృష్ణా ప్రాంతముల ఎఱ్ఱజాయ దూదికిని ఇట్లే రేవు పేరు తగిలి ‘కోకనాడ’ అని బజారున చెల్లెను. కాకినాడ అదృష్టము, ఆ పేరు తిట్టు కాలేదు.

‘సూత్ర’ ప్రయాణము వేరు. అది మూటలలో కాక గ్రంథములలో పోయినది. 1784లో కలకత్తాయందు ఆసియాటిక్ సొసైటీ ఏర్పడిన తరువాత కోల్‌బ్రూక్ మొదలగు పండితులు పాణిన్యాదుల సూత్రములను ఐరోపాకు పరిచయము చేసిరి. 1879 మొదలుగా మాక్స్‌ముల్లర్ వెలువరించిన ప్రాచ్య పవిత్రగ్రంథమాలలో గృహ్యసూత్రములు, వేదాంతసూత్రములు చేరినవి. అక్షరములు అవే, ఒకటి గ్రంథాలయమున ఆసనమెక్కినది, మరియొకటి మిల్లువాకిట తిట్లు తిన్నది.

లాంకషైరు ఏమన్ననేమి, మన నేతగాండ్ర నోట సూరత్ పేరు గౌరవముతోనే నిలిచినది. పట్టుపోగుపై వెండితీగ చుట్టి, బంగారుపూత పూసిన సూరత్ జరీ ధర్మవరమువంటి నేతకేంద్రములకు వచ్చును. రాగితీగతోను ప్లాస్టికుపొరతోను చేయు నకిలీ జరీయు సూరత్‌లోనే తయారగును గనుక, చీర కొనువారు విచారించి కొనుట మేలు. తెలంగాణ జిల్లాలనుండి తరలివచ్చిన పద్మశాలీలు పెక్కురు లింబాయత్ మొదలగు పేటలలో స్థిరపడి మరమగ్గములపై జీవించుచున్నారు. నగరపాలకసంస్థ తెలుగు మాధ్యమమున కూడ పాఠశాలలు నడుపుచున్నది. వారి మగ్గములపై నేడు నడచునది చాలవరకు దూదినూలు కాదు, పాలియెస్టరు.