ఇంటి ముంగిటికి వచ్చిన నర్సింగు విద్య

శతవార్షికోత్సవ సంచికలో గుడుల చరిత్ర, బడుల చరిత్ర, ఆసుపత్రుల చరిత్ర వ్రాయుట వాడుక. ఆసుపత్రుల చరిత్ర వ్రాయునప్పుడు కట్టడములను గూర్చియు, డాక్టర్లను గూర్చియు వివరముగా వ్రాసి, నర్సమ్మలను గూర్చి ఒక వాక్యముతో సరిపెట్టుట కూడ వాడుకయే. ఆ లోటును కొంతవరకైన పూరింపవలెనని మేము ఈ వ్యాసమునకు పూనుకొంటిమి. మన సంఘములలో నర్సు ఉద్యోగము చేయు ఆడబిడ్డలు లేని సంఘము అరుదు. వారిలో అనేకులు నేడు ఉద్యోగము మానకుండ, పిల్లలను విడువకుండ, ఇంటనే కంప్యూటరు ముందు కూర్చుండి పై డిగ్రీలకు చదువుచున్నారు. ఇది నిన్న మొన్న హఠాత్తుగా పుట్టిన వింత కాదు. దీని వెనుక నూరు సంవత్సరములకు పైబడిన చరిత్ర ఉన్నది.

హాస్టలు కాలము

1860లో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరిట లండను సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సింగు పాఠశాల ప్రారంభమైనది. దాని పద్ధతియే తరువాత లోకమంతట వ్యాపించెను. మన తెలుగు దేశమునకు 1883లో వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ గారు గుంటూరులో వైద్యసేవ ఆరంభించిరి. 1898లో అక్కడ స్త్రీల ఆసుపత్రి తెరువబడినది. 1909లో వెల్లూరులో నర్సుల శిక్షణ మొదలైనది. ఇట్టి మిషను ఆసుపత్రులలో తయారైన మన ఆడబిడ్డలే ఆ కాలమున పల్లెలలో కాన్పులు చూచిరి, పుండ్లు కడిగిరి, కలరా రోగుల ప్రక్కన రాత్రులు మేలుకొనిరి.

ఆ విద్యలో గొప్ప బలమున్నది. పుస్తకము తక్కువ, పని ఎక్కువ. వార్డులో చేసి చేసి చేయి తిరిగిన నర్సుకు ధైర్యము దానంతట అదే వచ్చెడిది. అయితే అందులో ఒక గట్టి ముడి కూడ ఉన్నది. శిక్షణ పొందు పిల్ల హాస్టలులోనే ఉండవలెను. పెండ్లి కాని పిల్లయై యుండవలెను. పెండ్లితో చదువు ముగిసిపోయెడిది. మూడేండ్ల శిక్షణ పొంది, ఇరువది యేండ్లు సేవ చేసిన నర్సు కూడ చేరిన నాటి సర్టిఫికెట్టుతోనే పదవీ విరమణ చేయుట మనవారు ఎరుగనిది కాదు.

1946లో భోర్ కమిటీ తన నివేదికను సమర్పించినది. అప్పటి భారతదేశములో 43,000 మంది జనమునకు ఒక్క నర్సు చొప్పున ఉన్నట్లు అందు తేలినది. ఆ సంవత్సరమే వెల్లూరులోను, ఢిల్లీలోను బి.ఎస్సీ. నర్సింగు కళాశాలలు వెలసినవి. 1959లో ఢిల్లీలో ఎం.ఎస్సీ. తరగతులు కూడ ప్రారంభమైనవి. తలుపు తెరువబడినది, కాని ఆ తలుపు వెల్లూరులోను, ఢిల్లీలోను ఉన్నది. చంటిబిడ్డ తల్లి, ముసలి అత్తమామలను చూచుకొను కోడలు అక్కడికి పోవుట ఎట్లు? ఈ ప్రశ్నకు స్పష్టమైన జవాబు అమెరికా దేశములో ఒక కొండ ప్రాంతము నుండి వచ్చినది. ఆ కథ కొంత వివరముగా చెప్పవలసియున్నది.

గుర్రమెక్కిన నర్సులు

1881లో జన్మించిన మేరీ బ్రెకిన్‌రిడ్జ్ అను ఆమె నర్సు శిక్షణ పొందినది. ఆమెకు పుట్టిన ఆడుబిడ్డ 1916లో పుట్టిన కొద్ది గంటలకే చనిపోయెను. నాలుగేండ్ల కుమారుడు 1918లో మరణించెను. ఆ దుఃఖమును ఆమె ఇతరుల బిడ్డల సేవకు మళ్ళించుకొనినది. మొదటి ప్రపంచయుద్ధము తరువాత ఫ్రాన్సులో పనిచేయుచు, నర్సు పనిని, మంత్రసాని పనిని ఒక్కరే నేర్చిన బ్రిటిషు స్త్రీలను చూచెను. తానును ఇంగ్లండుకు వెళ్ళి ఆ విద్య నేర్చుకొని, 1925లో కెంటకీ రాష్ట్రమందలి లెస్లీ కౌంటీలో పని మొదలు పెట్టినది. 1928లో ఆ సంస్థ ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీస్ అను పేరు పొందినది.

అది బాటలు లేని కొండసీమ. నర్సులు గుర్రములెక్కి, జీను సంచులలో మందులు, కాన్పు సామాను పెట్టుకొని వాగులు దాటి ఇల్లిల్లు తిరిగిరి. సుమారు 700 చదరపు మైళ్ళ మేర వారి సేవ వ్యాపించెను. వారు చూచిన మొదటి వేయి కాన్పులను లెక్కగట్టగా, కాన్పు కారణముగా ఒక్క తల్లియైన మరణింపలేదని తేలినది.

ఆ నర్సులలో చాలమంది బ్రిటిషువారు. 1939లో యుద్ధము రాగా అనేకులు స్వదేశమునకు మరలిపోయిరి. అప్పుడు ఆ సంస్థ తన నర్సులను తానే తయారు చేసికొనవలసి వచ్చెను. ఆ యేడే ఇద్దరు విద్యార్థినులతో పాఠశాల ఆరంభమైనది. అవసరము తల్లియై ఒక విద్యాలయమును కన్నదని చెప్పవచ్చును. 1965లో బ్రెకిన్‌రిడ్జ్ గారు కన్నుమూసిరి. 1970లో ఆ పాఠశాల కుటుంబ వైద్యసేవకు నర్సులను సిద్ధపరచు శిక్షణను కూడ చేర్చుకొనినది.

1989 నాటి మలుపు

1980లలో మరల అదే చిక్కు వేరు రూపమున ఎదురైనది. మంత్రసాని విద్య నేర్చిన నర్సులు చాలుట లేదు. పాఠశాలలు కొద్ది, అవియు పెద్ద పట్టణములలో ఉన్నవి. పల్లె నర్సు చదువుకు పోవలెనన్న ఇల్లు విడువవలెను. పోయిన నర్సు చదువు ముగించి తిరిగి పల్లెకు వచ్చుననియు నమ్మకము లేదు. పల్లె ఉన్న ఒక్క నర్సునుకూడ పోగొట్టుకొనుచుండెను.

1951లో ఆ కొండ పాఠశాలలోనే పట్టము పొందిన కిట్టీ ఎర్న్‌స్ట్ గారు, మరికొందరును కలిసి 1989లో క్రొత్త పద్ధతిని ప్రారంభించిరి. నర్సును పాఠశాలకు రప్పించుటకు బదులు పాఠశాలనే నర్సు ఇంటికి పంపుట వారి యుద్దేశము. విద్యార్థినులు మొదట కొద్ది దినములు కలిసికొని, ఒకరినొకరు ఎరిగి, ఇండ్లకు మరలెడివారు. పాఠములు ఇంట చదువుకొనెడివారు. రోగులను ముట్టవలసిన సమయము వచ్చినప్పుడు తమ ఊరి ప్రాంతముననే అనుభవముగల వారి చేతిక్రింద పని నేర్చెడివారు. కంప్యూటరు ద్వారా వారు ఒకరితోనొకరు మాటలాడుకొను వేదికకు బాన్యన్ ట్రీ, అనగా మర్రిచెట్టు అని పేరు పెట్టుకొనిరి. గురువు చుట్టును శిష్యులు మర్రిచెట్టు నీడను కూర్చుండుట మన దేశమున ఎంత పాతదో చెప్పనక్కరలేదు. ఆ నీడ టెలిఫోను తీగెల మీదుగా కొండపల్లెలకు ప్రాకినది.

ఆ విద్యాలయము 2004లో పట్టములనిచ్చు అర్హత పొంది, 2011లో ఫ్రాంటియర్ నర్సింగ్ యూనివర్సిటీ అను పేరు ధరించినది. ఇద్దరితో మొదలైన బడి నేడు అమెరికా యందలి అన్ని ప్రాంతముల నర్సులకు వారి ఇండ్లయొద్దనే పై చదువు చెప్పుచున్నది.

ఈ చదువు కోరిక యేనా?

చేతిలో ఉద్యోగముండగా ఇంత శ్రమ ఏల అని అడుగువారు కలరు. 2003లో ప్రకటింపబడిన ఒక పరిశోధన దీనికి జవాబు చెప్పును. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రపు 168 ఆసుపత్రులను లిండా ఎయికెన్ గారును, వారి సహచరులును పరిశీలించిరి. డిగ్రీ చదివిన నర్సులు నూటికి పదిమంది చొప్పున ఎక్కువైన చోట, ఆపరేషను జరిగిన రోగులు 30 దినములలో మరణించు అవకాశము 5 శాతము తగ్గినట్లు వారు కనుగొనిరి. 2010లో ఆ దేశపు వైద్య విద్వత్సంస్థ, 2020 నాటికి నర్సులలో 80 శాతము మంది డిగ్రీ పొందవలెనని సిఫారసు చేసినది. 2017లో న్యూయార్కు రాష్ట్రము, క్రొత్తగా చేరు నర్సులు పది సంవత్సరములలో డిగ్రీ పొందవలెనని చట్టము చేసినది. అక్కడికి వెళ్ళిన మన తెలుగు ఆడబిడ్డలు పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి మరల పుస్తకము పట్టుటకు ఇదియొక కారణము. ఆ చదువు గోడకు తగిలించు పట్టము కొరకు మాత్రమే కాదు. మంచము మీది రోగి ప్రాణము కొరకు.

మన దేశమున

దూరవిద్య మన తెలుగువారికి క్రొత్త కాదు. భారతదేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదులోనే స్థాపింపబడినది. అదియే నేటి డాక్టర్ బి. ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము. 1985లో ఢిల్లీయందు ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినది. అది 1994లో ఉద్యోగములోనున్న నర్సుల కొరకు మూడు సంవత్సరముల బి.ఎస్సీ. నర్సింగు చదువును ఆరంభించెను. డిప్లొమా పొంది, కొన్నేండ్లు పనిచేసిన అనుభవముండుట దాని అర్హత. పాఠములు పుస్తకములుగా ఇంటికి వచ్చినవి. ప్రాక్టికల్సుకు మాత్రము నియమించిన కేంద్రములకు పోవలెను. హాస్టలు కాలమున వేయబడిన ముడి మన దేశమున ఇట్లు వదులైనది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. నర్సింగు కన్నులతో మాత్రమే చదువు విద్య కాదు. అమెరికాలో సైతము, స్వయముగా రోగులను చూచు నర్సు ప్రాక్టీషనరు చదువుకు కనీసము 500 గంటలు రోగుల యొద్ద పర్యవేక్షణలో పనిచేయవలెనని ఉండగా, 2022 నాటి ప్రమాణములు దానిని 750 గంటలకు పెంచినవి. మన దేశమున 2020 నాటి యు.జి.సి. నియమములు నర్సింగును దూరవిద్యలోను, ఆన్‌లైనులోను నడుపగూడని చదువుల జాబితాలో చేర్చినవి. కావున ఇంటనే కూర్చుండి డిగ్రీ పొందవచ్చునను ప్రకటన చూచి డబ్బు కట్టుటకు ముందు, ఆ చదువునకు భారత నర్సింగు మండలి గుర్తింపు ఉన్నదా అని విచారించుకొనవలెను. విదేశమున చదువువారు ఆ దేశపు గుర్తింపును విచారింపవలెను. కష్టపడి కూడబెట్టిన సొమ్మును, దానికంటె విలువైన సంవత్సరములను వ్యర్థము చేసికొనరాదు.

భారము ఎవరిది?

ఇంతవరకు విద్యాలయముల చరిత్ర చెప్పితిమి. వ్రాయబడని చరిత్ర వంటింటిలో ఉన్నది. మేము గృహదర్శనములకు వెళ్ళునప్పుడు చూచుచున్నదే: నైట్ డ్యూటీ దిగి వచ్చిన నర్సమ్మ పిల్లలకు క్యారేజీలు కట్టి బడికి పంపి, నిద్రపోవలసిన వేళ పుస్తకము తెరచును. ఇల్లు నిద్రపోయిన పిదప పరీక్ష కాగితము వ్రాయును. చదువు ఇంటికి వచ్చినది నిజమే. కాని ఇంటి పని ఎక్కడికిని పోలేదు. పాతకాలపు హాస్టలు ఆమెను ఇంటినుండి వేరు చేసినను, చదువుకొను గంటలను మాత్రము ఆమెకు విడిచిపెట్టినది. నేటి పద్ధతి ఇల్లు విడువనిచ్చుట లేదు. గంటలను మాత్రము ఆమెయే నిద్రలో నుండి కోసికొనవలెను.

కెంటకీ చరిత్రను మరల చూడుడు. అక్కడి దూరవిద్య నిలిచినది కంప్యూటరు వలన మాత్రమే కాదు. మొదట ముఖాముఖి కలయిక, తోటివారి మాట, ఊరిలో చేయిపట్టి నేర్పు అనుభవశాలి, ఈ మూడును ఉండుటచేత నిలిచినది. దూరమున చదువు మనిషికి దగ్గరి మనుష్యులు మరింత కావలెను.

కాబట్టి నర్సమ్మ చదువుచున్న ఇంట భర్త పొయ్యి దగ్గర నిలుచుట అవమానమని ఎంచరాదు. అత్తగారు కోడలి పుస్తకమును సోమరితనముగా తలంపరాదు. మన ఆసుపత్రుల అధికారులు పరీక్షల నెలలో డ్యూటీలు సర్దవలెను. సీనియరు సిస్టర్లు తమకు తెలిసినది దాచక నేర్పవలెను. పై చదువు చదివి వచ్చిన నర్సుకు పని మాత్రమే కాక, పదవియు జీతమును పెంచవలెను. సంఘము కూడ ఆమె స్త్రీల కూడికకు రాలేదని లెక్కపెట్టుటకు బదులు, ఆ సాయంకాలము ఆమె పిల్లలను ఎవరు చూచుకొందురని అడుగవలెను. గుడి ప్రక్కన ఖాళీగానున్న గదిలో ఒక దీపము, ఒక బల్ల, ఒక ఇంటర్నెట్టు కనెక్షను ఏర్పరచుట పెద్ద ఖర్చు కాదు.

నూరేండ్ల క్రిందట మన పెద్దలు ఆడపిల్లలను నర్సు శిక్షణకు పంపుటకు లోకనిందను భరించిరి. ఆనాడు వారు చూపిన ధైర్యము ఈనాడు మననుండి అడుగబడుచున్నది కొద్దిపాటి సహాయము మాత్రమే. రాబోవు శతాబ్దపు సంచిక వ్రాయువారు మన నర్సమ్మలకు ఒక వాక్యముతో సరిపెట్టకుండునట్లు, నేడే ఆ సహాయమునకు పూనుకొందుమని మా విన్నపము.