వల్కలము నొసగు వృక్షము

సీసామూతికి బిగించు బిరడాను మనమెల్లరము చూచినవారమే. కాని అది ఒక వృక్షము ధరించిన వల్కలమనియు, ఆ వల్కలము నొలిచినను వృక్షము చావక మరల దానిని కల్పించుకొనుననియు తలపోసినవారు అరుదు. పోర్చుగల్ దేశపు దక్షిణభాగమున అలెంటేజో సీమయందు విరివిగా పెరుగు ఈ నిత్యహరితమైన ఓక్ జాతి వృక్షమునకు, మన జీలుగుబెండును తలంచి, బెండుమ్రాను అని పేరిడుకొందము.

బెరడు తీసిన ఈ చెట్టు మేలొందునని క్రీస్తుపూర్వము 4వ శతాబ్దిననే గ్రీకు పండితుడు థియోఫ్రాస్టసు వ్రాసెను. రోమనులు దానిని వలలకు బెండ్లుగను, జాడీలకు మూతలుగను, స్త్రీల శీతకాలపు పాదరక్షలకు అట్టలుగను వాడిరి. 1665లో రాబర్టు హుక్ సూక్ష్మదర్శినిక్రింద చూచి, జీవకణమునకు 'సెల్' అను పేరు పెట్టుటకు హేతువైనదియు ఈ బెండు తునుకయే. గాజుసీసాల వాడుక పెరిగిన పిమ్మట 18వ శతాబ్దిలో స్పెయిన్ దేశపు కాటలోనియాయందు బిరడాల పరిశ్రమ వర్ధిల్లెను.

ఇంత నిదానముగ ప్రతిఫలమిచ్చు కృషి మఱియొకటి నాకు తోపదు. విత్తు మొలకెత్తి, పశువుల నోటబడక పెరిగి, మ్రాను తగినంత లావెక్కి తొలి యొలుపునకు వచ్చుసరికి ఇంచుమించు 25 ఏండ్లు గడచును; ఆ తొలి బెరడు గరుకై బిరడాలకు కొఱగాదు, 9 ఏండ్లకు వచ్చు రెండవదియు అంతంతమాత్రమే, మఱి 9 ఏండ్లకు గాని మేలైన బెరడు చేతికందదు; అనగా నాటినవాడు తన మనుమల కొఱకే నాటుచున్నాడు. వేసవిలో చెట్టున రసము పారుచుండగా గొడ్డలితో నిలువుగాటు పెట్టి, పదునును మెల్లగ త్రిప్పి, కొడవలివలె వంగిన పెద్ద పలకలుగ బెరడు నూడదీయుదురు. లోపలి లేతపొరకు గాటు తగిలినచో అచ్చట బెరడు మరల సరిగ పుట్టదు గనుక, గొడ్డలి దిగిన లోతు చేతికి తెలియవలెను. ఆ తెలివిడి యేండ్ల అభ్యాసమున గాని అబ్బదు. ఒలిచిన మ్రానుపై ఆ సంవత్సరపు చివరి అంకెను తెల్లరంగుతో వ్రాయుదురు: 2016లో ఒలిచినదానిపై 6 అని యుండును; 2025 వచ్చువరకు దానిజోలికి ఎవ్వరును పోరు.

చెట్లను ఎడమెడముగ పెంచి, వాని నడుమ ధాన్యము పండించుచు, రాలిన కాయలతో పందులను మేపు ఈ తోపులకు అచ్చట 'మొంటాడో' అని పేరు. గోధుమసాగును పెంచుటకై 1929లో ఆ దేశమున ప్రారంభమైన గోధుమ ఉద్యమమున అలెంటేజో నేలలను విచక్షణలేక దున్నుటచే పలుచని మట్టి కొట్టుకొనిపోయెను. లోతుగ దున్నిన నాగలి ఈ చెట్ల వేళ్లను గాయపఱచునని తోపులవారెరిగియుండగా జరిగిన ఆ తొందరపాటు నాకు మిక్కిలి బాధ కలిగించును.

అయినను 1783లో నాటిన మ్రానొకటి ఆగ్వాస్ ద మౌరా గ్రామమున నేటికిని నిలిచియున్నది. 1820 మొదలు దానిని ఒలుచుచున్నారు. 1991లో అది యిచ్చిన 1,200 కిలోల బెరడు లక్షకు మించిన బిరడాలకు సరిపోయెను. కొమ్మలలో చేరి కూయు పక్షులనుబట్టి ఊరివారు దానిని 'ఈలవేయు చెట్టు' అని పిలుచుచున్నారు.