అబర్డీన్ బజారు - సముద్రపు లెక్క

అండమాను దీవుల ముఖ్యపట్టణమున గంటస్తంభము చుట్టును అల్లుకొన్న వీధులకే అబర్డీన్ బజారని పేరు. పోర్ట్ బ్లెయిర్ అను ఆ పట్టణము పేరు 2024లో శ్రీ విజయపురముగా మారినది. బజారు పేరు వాడుకలో అట్లే నిలిచినది. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వలసపోయిన తెలుగువారి మాట అక్కడ నేటికిని వినవచ్చును. ఈ బజారు నిలిచిన నేల స్వభావము తెలియగోరువారు సర్కారు దస్తరములకన్న సముద్రపు లెక్కను చూచుట మేలు.

ఆ లెక్క 1880లో మొదలైనది. సముద్రపు పోటుపాటులను కాగితముపై గీయు యంత్రమును ఆ రేవున నెలకొల్పిరి. నౌకల సౌకర్యమే దాని ప్రయోజనము. ఉపద్రవ నివారణము ఎవరి తలపులోను లేదు. అయినను 1881 డిసెంబరు 31న కారు నికోబారు చెంత భూమి కంపించినప్పుడు, లేచిన తరంగములను బంగాళాఖాతము చుట్టునున్న ఎనిమిది యంత్రములు గీసిపెట్టినవి. వానిలో మిక్కిలి ఎత్తైనది సుమారు 80 సెంటీమీటర్లు. 1883లో క్రాకటోవా అగ్నిపర్వతము బ్రద్దలైనప్పుడును పోర్ట్ బ్లెయిర్ గీత చలించినది. సముద్రము తన వాఙ్మూలమును తానే ఇచ్చినది. దానిని బజారువారికి చదివి వినిపించు ఏర్పాటు మాత్రము నూటయిరువది యేండ్లు దాటినను కలుగలేదు.

1941 జూన్ 26 నాటి భూకంపము సెల్యులార్ జైలును, రాస్ దీవిని దెబ్బతీసినది. మరుసటి మార్చిలో జపాను సేనలు దిగినవి. యుద్ధకాలపు యాతనల క్రింద ఆ కంపము జ్ఞాపకము అణగిపోయినదనుట అతిశయోక్తి కాదు.

ఇండ్ల సంగతి వేరు. చాథమ్ రంపపు మిల్లు 1883నుండి కలపను కోయుచున్నది. పూర్వపు ఇండ్లు పెక్కు ఆ కఱ్ఱతో కట్టినవే. 2002లో డిగ్లీపూరు భూకంపమునందును, 2004లోను కఱ్ఱయిండ్లు చాలవఱకు నిలువగా, శ్రద్ధలేక కట్టిన కాంక్రీటు కట్టడములు బీటలు వారినవి. కఱ్ఱను పేదతనపు గుర్తుగా ఎంచి విడిచినవారు ఈ సంగతి గమనింపదగును.

2004 డిసెంబరు 26, ఆదివారము. ఉదయము ఆఱున్నర వేళ నేల ఊగినది. గంటలోపుననే కడలి వచ్చినది. హెచ్చరిక లేదు. పట్టణపు నేల సుమారు ఒక మీటరు క్రుంగగా, సిప్పీఘాట్ పొలములు ఉప్పునీట మునిగినవి. ఆనాడే చిన్న అండమానులోని ఓంగీలు, ఏ యంత్రమును లేకయే, మెఱకకు చేరి బ్రదికిరి.

2007లో మన హైదరాబాదున సునామీ హెచ్చరిక కేంద్రము వెలసినది. సముద్రమున పెద్ద భూకంపము పుట్టిన పది నిమిషములకే అది వార్త పంపగలదు. మదరాసు, విశాఖలకు ఇది గొప్ప రక్ష. అండమాను కంపపు అల అచ్చటికి చేరుటకు రెండుగంటలు పట్టును. అండమానులో అంత వ్యవధి లేదు. అచ్చట నేల గట్టిగా కదలుటయే మొదటి హెచ్చరిక. ఫోను మ్రోగుదాక ఆగరాదు. అబర్డీన్ రేవునుండి బజారుకు పోవు దారి ఎగువకే సాగును.