తాళం యాప్‌లు: లయ సాధనలో మొబైల్ ఫోను

తాళం యాప్ అంటే పాడేవారు, వాయించేవారు ఒకే వేగం నిలుపుకోవడానికి సమాన వ్యవధుల్లో దెబ్బ వినిపించే మొబైల్ అప్లికేషను. మెట్రోనోమ్ యాప్ అన్నా ఇదే. కొన్ని యాప్‌లు ఒట్టి టిక్కు మాత్రమే ఇస్తాయి. మరికొన్ని కర్ణాటక సంగీత తాళాలను జాతి, గతి భేదాలతో సహా వినిపిస్తాయి, పక్కన తంబూరా శ్రుతినీ కలుపుతాయి. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలో, అంటే ఆదోని, ఎమ్మిగనూరు, గోనెగండ్ల ప్రాంతంలో, ఇలాంటి సాధనంతో పని పడేవారు ప్రధానంగా మూడు రకాలు. శాస్త్రీయ సంగీతం నేర్చుకునే పిల్లలు మొదటివారు. గుడి ముందు హరిభజన, చెక్కభజన చేసే బృందాలు రెండోవి. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, చర్చిల్లో కీబోర్డు, ప్యాడ్ వాయించేవారు మూడోవారు. ముగ్గురి అవసరాలూ ఒకటి కావు. యాప్ ముగ్గురికీ ఒకే రకంగా పనికిరాదు కూడా.

వేగం జారడం

పాట మొదలైన వేగం చివరిదాకా నిలవకపోవడం కొత్తవారి లోపమే కాదు, అనుభవజ్ఞులకూ ఉన్న ఇబ్బందే. సాధారణంగా నోటికి బాగా వచ్చిన చోట పరుగు పుడుతుంది, కష్టమైన సంగతి దగ్గర వేగం పడిపోతుంది. పాడేవారికి ఈ మార్పు తెలియదు. తమ గుండె వేగం, ఉత్సాహం, ఊపిరి అన్నీ పాటతోపాటే మారుతుంటాయి కాబట్టి లోపల కొలబద్ద అంటూ మిగలదు. ఆది తాళం ఒక ఆవర్తం, అంటే ఎనిమిది దెబ్బల ఒక చుట్టు, నిమిషానికి 60 దెబ్బల వేగంలో సరిగ్గా 8 సెకన్లు పడుతుంది. వేగం 66కు జారితే అదే ఆవర్తం 7.3 సెకన్లకు ముగుస్తుంది. ముప్పావు సెకను కూడా లేని ఈ తేడా ఒక ఆవర్తంలో ఎవరికీ పట్టుబడదు. వర్ణం చరణానికి వచ్చేసరికి చిట్టస్వరాలు గొంతులో పట్టక తొక్కిసలాట మొదలవుతుంది, తప్పు గొంతుదనుకుంటారు.

టిక్కుకు అనుగుణంగా వేలితో తట్టమంటే చాలామంది దెబ్బ పడకముందే, కొన్ని పదుల మిల్లీసెకన్లు ముందుగా తడతారని మనస్తత్వ శాస్త్ర ప్రయోగాలు ఎన్నోసార్లు చూపించాయి. సంగీత శిక్షణ ఉన్నవారిలో ఈ తొందర తక్కువ. రెండు దెబ్బల మధ్య వ్యవధి సుమారు రెండు సెకన్లకు చేరితే మనిషికి తర్వాతి దెబ్బను ముందే ఊహించడం కష్టమవుతుంది. విలంబకాలంలో పాడేటప్పుడు అనుభవజ్ఞులు ప్రతి అక్షరాన్నీ లోలోపల రెండుగానో నాలుగుగానో పగలగొట్టుకునేది ఇందుకే.

పరికరం పుట్టుక

ఈ పని చేసే యంత్రం ఫోను కంటే చాలా పాతది. 1814లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డీట్రిచ్ నికొలాస్ వింకెల్ అనే పనివాడు ఇరుసుకు పైనా కిందా బరువులున్న లోలకంతో చిన్న కడ్డీయే నిదానమైన దెబ్బలు ఇవ్వగలదని కనిపెట్టాడు. యోహాన్ మేల్జెల్ దానికి కొలత గీతలు చేర్చి 1815లో తన పేరున పేటెంటు తీసుకున్నాడు. పేరు మేల్జెల్‌దే నిలిచింది. 1817లో బీథోవెన్ తన సింఫనీలకు మెట్రోనోమ్ అంకెలు ప్రకటించాడు. ఆనాటి నుంచి పాశ్చాత్య స్వరపత్రం మీద వేగాన్ని అంకెలో ముద్రించడం అలవాటైంది. పాత మెట్రోనోమ్ మీద కొలతలు 40 నుంచి 208 వరకు ఉండేవి, చాలా యాప్‌లు ఇప్పటికీ దాదాపు ఆ పరిధినే కేంద్రంగా పెట్టుకున్నాయి.

మన దేశంలో ఎలక్ట్రానిక్ తాళ పరికరం శ్రుతి పెట్టె వెంట వచ్చింది. బెంగళూరుకు చెందిన జి. రాజ్ నారాయణ్ 1979లో ఎలక్ట్రానిక్ తంబూరా తయారుచేశారు. ఆయన స్థాపించిన రాడెల్ సంస్థ తర్వాత ఎలక్ట్రానిక్ తబలా, కర్ణాటక తాళాలకు తాళోమీటరు కూడా తెచ్చింది. స్మార్టుఫోన్లు వచ్చాక ఆ పెట్టెల పని యాప్‌లలోకి మారింది. తబలా ఠేకాలకు ఐతబలాప్రో, మణికట్టు మీద కంపనంతో దెబ్బ తెలిపే పట్టీతో పనిచేసే సౌండ్‌బ్రెన్నర్ పేరున్నవి. ఏదీ దించుకోవడం ఇష్టం లేకపోతే గూగుల్ వెతుకుపెట్టెలో మెట్రోనోమ్ అని కొట్టినా ఒక టిక్కు పెట్టె వచ్చేస్తుంది.

యాప్ లోపల

మంచి యాప్ దెబ్బను గడియారం చూసి కొట్టదు. కొట్టకూడదు కూడా. ఫోనులో ఏకకాలంలో పది పనులు నడుస్తుంటాయి, సమయం అయిందన్న పిలుపు ఆలస్యమైతే దెబ్బ తడబడుతుంది. నాసిరకం యాప్‌లలో వినిపించే కుంటినడక ఇలా పుట్టిందే. మంచి యాప్ శబ్దపు నమూనాలను లెక్కపెడుతుంది. సెకనుకు 44,100 నమూనాల ధ్వనిలో 60 వేగానికి ప్రతి 44,100 నమూనాలకు ఒక దెబ్బ, 72 వేగానికి ప్రతి 36,750 నమూనాలకు ఒక దెబ్బ పడుతుంది. ఈ లెక్క శబ్దం పుట్టే చోటే జరుగుతుంది కాబట్టి ఫోను ఒత్తిడిలో ఉన్నా దెబ్బ సాధారణంగా తడబడదు.

బ్లూటూత్ ఇయర్‌ఫోనులో శబ్దం మామూలుగా సెకనులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా ఆలస్యంగా వస్తుంది. ఒక్కరే వింటూ సాధన చేస్తే నష్టం లేదు, ఆలస్యం అన్ని దెబ్బలకూ ఒకటే. తెర మీద మెరిసే వెలుగును ఒకరు చూస్తూ, బ్లూటూత్ స్పీకరు నుంచి మరొకరు వింటూ కలిసి వాయించబోతే మాత్రం ఇద్దరూ ఎప్పటికీ కలవరు. తీగ ఇయర్‌ఫోను ఇక్కడ మేలు.

తాళాన్ని అమర్చుకోవడం

పాశ్చాత్య యాప్‌లో ఉండేది ఒక చుట్టులో ఎన్ని దెబ్బలు, వాటిలో ఏది గట్టిది అన్న రెండు సర్దుబాట్లే. కర్ణాటక తాళాలను వీటితోనే చాలావరకు తీసుకురావచ్చు. చతురశ్రజాతి త్రిపుట, అంటే ఆది తాళానికి 8 దెబ్బలు పెట్టి 1, 5, 7 గట్టిగా వినిపించేలా చేస్తే లఘువు, రెండు ద్రుతాలూ విడివిడిగా తెలుస్తాయి. మిశ్రచాపుకు 7 పెట్టి 1, 4, 6 గట్టి చేయాలి. ఖండచాపుకు 5 పెట్టి 1, 3 గట్టి చేస్తే సరి. పురందరదాసు ఏర్పరచిన క్రమంలో అలంకారాలకు వచ్చే ఏడు సూళాది తాళాలు, అయిదు జాతులతో ముప్పయ్యైదు అయ్యే లెక్క, ఈ పద్ధతిలో ఎంత ఓపిక ఉంటే అంత దూరం వెళ్తుంది. పేరు నొక్కితే తాళం వచ్చే కర్ణాటక యాప్ అయితే ఈ శ్రమ ఉండదు.

యాప్‌కు రానిది ఎత్తుగడ. దేశాది తాళంలో కృతి సమం దగ్గర, అంటే ఆవర్తం మొదటి దెబ్బ మీద, మొదలవదు, ఒకటిన్నర అక్షరం దాటాక అందుకోవాలి. యాప్ సమాన్ని చెబుతుంది. పాటను ఎక్కడ ఎత్తాలో గురువే చెప్పాలి. చేతితో తాళం వేయడం మానేసి టిక్కు మీదే ఆధారపడిన పిల్లలు సరిగ్గా ఇక్కడే తడబడతారు. దెబ్బ, వేళ్లెంచడం, ఉసి (చేయి తిప్పి వేయడం) చేతికి అలవడకుండా యాప్ తెరవడం అనవసరం.

అంకె ఎక్కడి నుంచి రావాలి

యాప్ వాడకంలో అసలు ప్రశ్న ఇది. పాశ్చాత్య స్వరపత్రం మీద వేగం అంకె అచ్చై ఉంటుంది, వాద్యకారుడు దాన్ని తిప్పి పెట్టుకుంటాడు. మన స్వరలిపిలో అలాంటి అంకె ఉండదు. స్వరాల మీద గీసే గీతలు రెండో కాలం, మూడో కాలం అని మాత్రమే చెబుతాయి. మొదటి కాలం ఎంత నిదానమో చెప్పవు. వైద్యుడిగా పనిచేసి కర్నూలులోనే స్థిరపడి 2013లో తొంభై తొమ్మిదేళ్ల వయసులో కన్నుమూసిన శ్రీపాద పినాకపాణి గురువుగా, స్వరలిపికర్తగా తెలుగునాట ప్రసిద్ధులు. ఆయన తరహాలో ఎంత సూక్ష్మంగా రాసిన స్వరలిపి అయినా కాలప్రమాణాన్ని గురుముఖతః నేర్చుకోవలసిందే అన్న సంప్రదాయంలోనే పుట్టింది.

అందుకే విద్యార్థి 60 అనో 80 అనో తనకు తోచిన అంకె పెట్టుకోవడం సరికాదు. గురువు పాడుతున్నప్పుడు యాప్‌లోని తట్టే మీటను ఆయన దెబ్బలతోపాటు ఎనిమిది పదిసార్లు తడితే, తట్టుల మధ్య సగటు వ్యవధితో 60ని భాగించి యాప్ వేగాన్ని చూపిస్తుంది. వ్యవధి ముప్పావు సెకను అయితే వేగం 80. ఆ అంకెను కృతి పేరు పక్కన పుస్తకంలో రాసుకోవాలి. వారానికి ఒకసారి కర్నూలుకో, ఆదోనికో వెళ్లి పాఠం చెప్పించుకునే పల్లెటూరి విద్యార్థికి యాప్ చేసే అతిపెద్ద మేలు ఇదే. మిగతా ఆరు రోజులూ గురువు కాలప్రమాణం ఇంట్లో ఉంటుంది.

సాధన క్రమం సరళీస్వరాలతో మొదలవుతుంది. వేగం మార్చకుండా ఒక దెబ్బకు ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు పాడాలి. వేగం 60 ఉంటే మూడో కాలంలో సెకనుకు నాలుగు స్వరాలు. గొంతుకు పట్టనప్పుడు అంకెను 50కి దించాలే గానీ మూడో కాలాన్ని సాగదీయకూడదు. కుదిరాక మూడు నాలుగు అంకెల చొప్పున పెంచుకోవచ్చు.

దీనికి పై మెట్టు నిశ్శబ్దం. రెండు ఆవర్తాలు వినిపించి రెండు ఆవర్తాలు మౌనంగా లెక్కించే సదుపాయం చాలా యాప్‌లలో ఉంది. మౌనం ముగిసి సమం మోగినప్పుడు పాడేవారు ఎక్కడున్నారో ఒక్క దెబ్బలో తేలిపోతుంది. మరో పద్ధతిలో ఆది తాళపు ఒకటో దెబ్బ తప్ప మిగిలిన ఏడింటినీ మూసేసి సమాన్ని మాత్రమే వింటారు. టిక్కు తగ్గేకొద్దీ లయ బాధ్యత మనిషి మీదికి వస్తుంది. మొత్తం గంట టిక్కుతోనే పాడేవారికి టిక్కును అనుసరించడం వస్తుంది, లయ నిలపడం రాదు. ఆలాపనకు, పద్యానికి తాళమే లేదు కాబట్టి వాటికి యాప్ ప్రసక్తి లేదు.

భజన బృందాల్లో

పడమటి కర్నూలు పల్లెల్లో సంగీతం ఎక్కువగా వినిపించేది కచేరీలో కాదు, భజనలో. మంత్రాలయం రాఘవేంద్రస్వామి ప్రభావంతో కన్నడ దాసకీర్తనలూ, తెలుగు రామభజనలూ ఒకే రాత్రి ఒకే నోట వినిపించే ప్రాంతమిది. చెక్కభజనలో ప్రతివాడి చేతిలోనూ ఇత్తడి బిళ్లలు బిగించిన చెక్కలు, కాళ్లకు గజ్జెలు ఉంటాయి. అడుగు, చెక్క, పాట మూడూ ఒకే దరువు మీద పడాలి. పాట నిదానంగా మొదలై చివరికి ఉరకలెత్తుతుంది. ఈ వేగం తప్పు కాదు, భజన లక్షణమే. గురువు సైగతో మెట్టుమెట్టుగా పెంచేది వేరు, ఎవరికీ తెలియకుండా పాకుతూ పెరిగేది వేరు. రెండో దానివల్ల అడుగులు కలవక వలయం చెదిరిపోతుంది.

ఇరవై మంది చెక్కలు మోగుతుంటే ఫోను టిక్కు ఎవరికీ వినపడదు. ఇక్కడ యాప్‌కు తగిన పని దరువు కొట్టడం కాదు, తర్వాత కొలవడం. సాధన రోజు పాట మొత్తాన్ని ఫోనులోనే రికార్డు చేసి, మొదట, మధ్యలో, చివర డోలక్ దెబ్బలతోపాటు తట్టి చూస్తే మూడు అంకెలు వస్తాయి. పల్లవి 92తో మొదలై గురువు ఇంకా సైగ చేయకముందే 104కు చేరిందనుకుంటే, జారింది ఏ చరణంలోనో రికార్డు వెనక్కి తిప్పితే దొరుకుతుంది. డోలక్ వాయించే ఒక్కరు ఇంటి దగ్గర టిక్కుతో సాధన చేసినా బృందమంతా బాగుపడుతుంది, ఎందుకంటే అందరి చెవీ అతని మీదే. ఒక్కో ఆవర్తానికి కొంచెం చొప్పున వేగం పెంచే సదుపాయం యాప్‌లలో ఉన్నా చెక్కభజనకు అది నప్పదు. భజనలో వేగం జారుడుబల్లలా కాదు, మెట్లలా మారుతుంది.

జాతరలో, ఉత్సవంలో ఇంకో చిక్కుంది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. వీధి చివర ముప్పై మీటర్ల దూరంలో కట్టిన స్పీకరు నుంచి శబ్దం వెనక్కి రావడానికి దాదాపు 90 మిల్లీసెకన్లు పడుతుంది. నిమిషానికి 120 దెబ్బల దరువులో అక్షరంలో నాలుగో వంతు 125 మిల్లీసెకన్లే. స్పీకరును వింటూ చెక్క వేసేవాడు అందుకే తన తప్పేమీ లేకుండానే వెనకబడతాడు. దీనికి మందు యాప్ కాదు, పక్కనున్న డోలక్‌ను వినడం.

ఆర్కెస్ట్రాల్లో, చర్చిల్లో పరిస్థితి వేరు. కీబోర్డులో ముందే అమర్చిన రిథమ్, కంప్యూటరు నుంచి వచ్చే ట్రాక్ ఎవరి కోసమూ ఆగవు. ప్యాడ్ వాయించేవారు చెవిలో టిక్కు పెట్టుకోక తప్పదు. సినిమా పాటల రికార్డింగులో వేర్వేరు రోజుల్లో వాయించిన వాద్యాలు ఒకదానిపై ఒకటి కుదిరేది ఇలాంటి క్లిక్కు మీదే. యాప్‌తో సాధన వీరికి నేరుగా వృత్తి శిక్షణే.

వాడేముందు

ఉచిత యాప్‌లలో సాధన మధ్యలో ప్రకటన మోగుతుంది, ఫోను వస్తే దెబ్బ ఆగిపోతుంది. ఫ్లైట్ మోడులో పెడితే రెండు బాధలూ చాలావరకు తప్పుతాయి. మెట్రోనోమ్‌కు ఇంటర్నెట్ అవసరం లేదు. తెర ఆరిపోగానే టిక్కు ఆగితే లోపం యాప్‌ది కాకపోవచ్చు, బ్యాటరీ పొదుపు సర్దుబాటులో ఆ యాప్‌కు మినహాయింపు ఇవ్వాలి. చిన్న ఫోను స్పీకరులో లోతైన మృదంగ ధ్వని సరిగా పలకదు, కర్ర మీద కర్ర కొట్టినట్టుండే పొడి శబ్దం ఎంచుకుంటే గొంతు కిందా వినపడుతుంది.

తట్టి వేగం తెలుసుకునే మీట, ఏ దెబ్బనైనా గట్టి చేసుకునే, మూసేసే వీలు, ఆవర్తాల మధ్య నిశ్శబ్దం: ఈ మూడూ ఉన్న యాప్ ఉచితమైనదైనా విద్యార్థికి చాలు. డబ్బు చెల్లించి కొనవలసిన అవసరం చాలామందికి రాదు.