వర్క్‌హౌస్ నుంచి టెండరు దాకా

1948లో బ్రిటన్‌లో వృద్ధాప్య పెన్షన్ వారానికి 26 షిల్లింగులు. ఆ ఏడు జూలై 5న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం, స్థానిక ప్రభుత్వమైన కౌన్సిల్ నడిపే వృద్ధాశ్రమంలో చేరిన పెద్దవాళ్లు అందులోంచి 21 షిల్లింగులు బసకీ భోజనానికీ కట్టాలి. మిగతా 5 షిల్లింగులు చేతిఖర్చుకి ఉంచుకోవచ్చు. లెక్క చిన్నదే గానీ, దాని వెనక ఆరోగ్య మంత్రి అనైరిన్ బెవన్ పెట్టుకున్న ఆశ పెద్దది. తన డబ్బు తాను కట్టుకునే మనిషి హోటల్లో దిగిన అతిథిలా ఉంటాడు, ఎవరి దయమీదా బతకనక్కర్లేదు అన్నది ఆయన వాదన. పాతిక ముప్పై మందికి సరిపోయే చిన్న ఇళ్లు దేశమంతటా కట్టించాలనుకున్నారు.

ఆ పట్టుదలకి కారణం వర్క్‌హౌస్. 1834 నాటి పేదల చట్టం, దిక్కులేని వాళ్లకి సాయం కావాలంటే ఆ గోడల మధ్యకి రావాల్సిందేనంది. ఒకే రకం బట్టలు, మగవాళ్లకో వైపు, ఆడవాళ్లకో వైపు. అరవై దాటిన దంపతుల్ని విడదీయకూడదని 1847లో చట్టం చెప్పినా, వాళ్లు కలిసి ఉండే గదులు చాలాచోట్ల కట్టనే లేదు. 1909 జనవరి 1 నుంచి డెబ్భై దాటిన పేదలకి వారానికి 5 షిల్లింగుల పెన్షన్ ఇవ్వడంతో కొందరు ఆ గడప తొక్కకుండా బయటపడ్డారు. 1930 ఏప్రిల్‌లో వర్క్‌హౌస్‌లు కౌన్సిళ్ల చేతికొచ్చాయి. పేరు మారింది, భవనాలు అవే.

బెవన్ కలగన్న ఇళ్లు అనుకున్నంత వేగంగా లేవలేదు. యుద్ధం తర్వాత ఇటుకా సిమెంటూ ముందు కుటుంబాల ఇళ్లకీ బడులకీ వెళ్లాయి. 1950ల చివర పీటర్ టౌన్సెండ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఇంగ్లండ్, వేల్స్‌లలో 173 వృద్ధాశ్రమాలు తిరిగి చూశాడు. వర్క్‌హౌస్ రద్దయి పదేళ్లు గడిచినా, వేలాది మంది అవే పొడవాటి హాళ్లలో, పక్కపక్క మంచాల మీద, తమదంటూ చెప్పుకోవడానికి దాదాపు ఏ వస్తువూ లేకుండా కనిపించారు. 1962లో ఆయన అచ్చువేసిన పుస్తకం చదివాక, రంగు వేసి సర్దుకుందాం అనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆశ్రమాలు మెరుగుపరచడం కాదు, మనుషుల్ని సొంతింట్లోనే ఉండనిచ్చే సేవలు పెంచాలని ఆయన గట్టిగా వాదించాడు.

ఆ సేవలు అప్పటికే చిన్న స్థాయిలో ఉన్నాయి. కౌన్సిల్ జీతమిచ్చే హోమ్ హెల్ప్ స్త్రీలు ఇల్లు ఊడ్చి, సరుకులు తెచ్చి, పొయ్యి రాజేసి వెళ్లేవారు. యుద్ధకాలంలో మహిళా స్వచ్ఛంద సేవకులు మొదలుపెట్టిన వేడి భోజనం బండి వీధుల్లో తిరిగేది. 1971 నుంచి హోమ్ హెల్ప్ ఇవ్వడం కౌన్సిళ్లకి విధి అయింది.

తర్వాతి మలుపు అనుకోకుండా వచ్చింది. 1980లో నిబంధనలు మారడంతో, ప్రైవేటు వృద్ధాశ్రమంలో చేరిన పేదవారి ఖర్చుని కేంద్ర ప్రభుత్వ సంక్షేమ ఖాతా భరించసాగింది. ఆ మనిషికి నిజంగా ఆశ్రమం అవసరమా అని అడిగేవారు లేరు. సముద్రతీర పట్టణాల్లో బేరాలు పడిపోయిన హోటళ్లు వృద్ధాశ్రమాలయ్యాయి. 1979లో కోటి పౌండ్లున్న ఈ పద్దు 1989 నాటికి వంద కోట్లు దాటింది. అదే మనిషిని ఇంట్లో ఉంచి చూసుకోవాలంటే మాత్రం కౌన్సిల్ తన సొమ్ము తీయాలి. డబ్బు ఎటు పారితే మనుషులూ అటే వెళ్లారు. ఖాతాలు తనిఖీ చేసే ఆడిట్ కమిషన్ 1986లో ఈ తలకిందుల లెక్కని బయటపెట్టింది.

మార్గం చూపమని ప్రభుత్వం సెయిన్స్‌బరీ దుకాణాల సంస్థ అధికారి సర్ రాయ్ గ్రిఫిత్స్‌ని అడిగింది. 1988లో ఆయన ఇచ్చిన సలహా ఇది: డబ్బూ బాధ్యతా రెండూ కౌన్సిల్‌కి ఇవ్వండి, అన్నీ తానే చేయకుండా, ఎవరికేం కావాలో చూసి సేవల్ని ఏర్పాటు చేయడం, కొనడం దాని పని. 1990లో చట్టమైంది, 1993 ఏప్రిల్‌లో పూర్తిగా అమలైంది. కేంద్రం తన సంక్షేమ ఖాతా నుంచి బదిలీ చేసిన నిధిలో నూటికి 85 వంతులు కౌన్సిల్ బయటి సంస్థల దగ్గరే ఖర్చుపెట్టాలన్న షరతుతో!

ఈ ఆలోచనకి అంతకుముందే ఒక మంచి నమూనా ఉంది. 1970ల చివర కెంట్ కౌంటీలోని థానెట్ ప్రాంతంలో కొందరు సోషల్ వర్కర్ల చేతికి నేరుగా బడ్జెట్ ఇచ్చారు. ఒక్కో మనిషి మీద ఆశ్రమం ఖర్చులో మూడింట రెండు వంతుల దాకా వాళ్ల విచక్షణ మేరకు వాడొచ్చు. రాత్రి పడుకోబెట్టడానికి పక్కింటావిడ వస్తే ఆమెకి కొంత ముట్టజెప్పడం లాంటివి సాధ్యమయ్యాయి. ఆశ్రమాల్లో చేరేవారు తగ్గారు, ఇళ్లలో ఉన్నవారు మెరుగ్గా బతికారు. కీలకం ఏమిటంటే, మనిషిని ఎరిగినవాళ్ల దగ్గరే పర్సు ఉంది. 1993 తర్వాత దేశమంతటా కేర్ మేనేజర్లు వచ్చారు గానీ, ఎక్కువ చోట్ల వాళ్ల చేతికి వచ్చింది ఫారాలు. పర్సు కాంట్రాక్టుల విభాగానికి వెళ్లింది. ఈ చరిత్రలో అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసింది ఈ ఎడబాటే.

కాంట్రాక్టులు రెండు రకాలు. ఇన్ని గంటలు లేదా ఇన్ని పడకలు అని ముందే గంపగుత్తగా కొనడం ఒకటి, మనిషి మనిషికీ విడిగా కొనడం రెండోది. 1992లో హోమ్ కేర్ గంటల్లో నూటికి 98 కౌన్సిళ్ల సొంత సిబ్బందే చేసేవారు. ఇరవై ఏళ్లలో ఆ అంకె దాదాపు తిరగబడింది. టెండర్లో తక్కువ ధర చెప్పినవాడిదే పైచేయి అయ్యేసరికి కేర్‌ని నిమిషాల్లో కొలవడం మొదలైంది. ఒక ముసలావిడని లేపి, స్నానం చేయించి, బట్టలు తొడిగి, టీ ఇవ్వడానికి 15 నిమిషాలు! ఇంటికీ ఇంటికీ మధ్య ప్రయాణానికి చాలామంది కేర్ వర్కర్లకి జీతం ఉండేది కాదు. అరగంటకి తగ్గిన సందర్శనలు అరుదుగా మాత్రమే ఉండాలని ఆరోగ్య ప్రమాణాల సంస్థ నైస్ 2015లో చెప్పాల్సొచ్చింది.

డబ్బు తగ్గితే అవసరమూ తగ్గిపోతుందా? 1994లో గ్లాస్టర్‌షర్ కౌన్సిల్, నడక స్టాండు పట్టుకుని తిరిగే 79 ఏళ్ల ఒంటరి వృద్ధుడికి ఇల్లు శుభ్రం చేయడం, బట్టలు ఉతకడం ఆపేస్తున్నామని ఉత్తరం రాసింది. కేంద్రం నుంచి రావాల్సిన నిధులు తగ్గాయన్నది కారణం. కేసు అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. అవసరాన్ని తూచేటప్పుడు కౌన్సిల్ తన ఖజానానీ చూసుకోవచ్చని 1997లో ముగ్గురు న్యాయమూర్తులు అన్నారు, ఇద్దరు కాదన్నారు. ఆ ఇద్దరి వైపే న్యాయం ఉందనిపిస్తుంది. ఆ వృద్ధుడి నడక కష్టానికి బడ్జెట్‌తో ఏ సంబంధమూ లేదు. 2003లో అవసరాలు నాలుగు తరగతులయ్యాయి. కాలక్రమంలో చాలా కౌన్సిళ్లు పై రెండు తరగతుల వారికే తలుపు తెరిచాయి.

2011లో సదరన్ క్రాస్ కూలిపోయింది. దాదాపు 750 ఆశ్రమాలు, 31,000 మంది నివాసులు. భవనాలు అమ్మేసి, ఏటా పెరిగే అద్దెకి వాటినే తీసుకున్న సంస్థ అది. కౌన్సిళ్లు పంపే మనుషులూ ఇచ్చే ధరా తగ్గేసరికి అద్దె కట్టలేకపోయింది. ఏదైనా సంస్థ మూతపడితే సేవ ఆగకుండా చూడటం, స్థానిక మార్కెట్ నిలబడేలా చూడటం కౌన్సిల్ విధులని 2014 కేర్ చట్టం రాసింది. అయినా 2017లో పోటీ వ్యవహారాల సంస్థ లెక్క తీస్తే, సొంత డబ్బుతో ఉండేవాళ్లు అదే ఆశ్రమంలో కౌన్సిల్ ఇచ్చేదానికన్నా సగటున 41 శాతం ఎక్కువ కడుతున్నారు. కౌన్సిల్ తగ్గించిన ధరని పక్క గది పెద్దాయన మోస్తున్నాడన్నమాట.

ఆ తక్కువ ధరకి పనిచేసే చేతులు దేశంలో దొరకక, 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకి వీసా తలుపు తెరిచారు. నైజీరియా, జింబాబ్వేల నుంచి వచ్చినట్టే మన దేశం నుంచీ వేలమంది వెళ్లారు. కొందరు ఏజెంట్లకి లక్షలు కట్టి వెళ్లి, అక్కడ సరిపడా పని గంటలు దొరక్క అప్పుల్లో పడ్డారు. 2024 మార్చి నుంచి కుటుంబాన్ని వెంట తెచ్చుకోనివ్వలేదు. 2025 జూలైలో విదేశాల నుంచి కొత్త నియామకాలే ఆపేశారు. అదే ఏడు మొదట్లో ప్రభుత్వం ఈ కేర్ వ్యవస్థ మీద లూయీస్ కేసీ అధ్యక్షతన ఒక కమిషన్ వేసింది. దాని తుది నివేదికకి గడువు 2028.