కొట్టాయము

కేరళమున మీనచ్చిలాఱు తీరమందు, తూర్పున రబ్బరు తోటల కొండలకును పడమట వేంబనాడు సరస్సునకును నడుమ వెలసిన పట్టణము. ఇచటి సిరియను క్రైస్తవుల ప్రార్థనామందిరములలో 1550 నాటి వలియపళ్లియు, 1579 నాటి చెఱియపళ్లియు ప్రసిద్ధములు. పేర్లకు పెద్దగుడి, చిన్నగుడి యని యర్థమైనను, పహ్లవీ లిపి చెక్కిన రాతి శిలువ కొఱకు మొదటిదానిని దర్శించువారు రెండవదాని కుడ్యచిత్రముల యెదుట మఱికొంతసేపు నిలువవలెను. క్రైస్తవ మతప్రచారకుడైన బెంజమిన్ బెయిలీ 1821లో ముద్రాశాలను నెలకొల్పిన దిచటనే. రబ్బరు బోర్డు ప్రధానకార్యాలయ మీయూరనే కలదు. తెల్లవాఱుజామున తోటకు పోయినచో, బెరడుపై ఏటవాలుగా గీచిన గాటునుండి తెల్లని పాలు బొట్టుబొట్టుగా చిప్పలోనికి జాఱుట కాననగును. ఆలప్పుళకు పడవలో పోవుట బస్సుకంటె ఆలస్యమే యైనను, సముద్రమట్టమునకు దిగువనున్న కుట్టనాటి వరిమళ్లను నీటిపైనుండి క్రిందికి చూచు వింత ఆ త్రోవననే లభించును.