తరిగిందా, తరిగారా?

బెండకాయలు తరుగుతాం. పున్నమి దాటాక చంద్రుడు తరుగుతాడు. క్రియ ఒకటే. మొదటిదానికి కర్త ఉన్నాడు, అతని చేతిలో కత్తి ఉంది. రెండోది దానంతటది జరిగిపోతోంది. వ్యాకరణం ఒకదాన్ని సకర్మకమనీ ఇంకోదాన్ని అకర్మకమనీ అంటుంది. బ్రౌన్ దొర నిఘంటువులో కోయడం, తగ్గడం అనే రెండర్థాలూ ఉన్నాయి. కడపలో ఉద్యోగం చేసిన మనిషి కదా, ఈ మాట మా అంగళ్ళలోనే ఆయన చెవిన పడి ఉంటుందని నా ఊహ.

అదే మాట నామవాచకమై అంగడికెక్కితే కర్త కనిపించడు. ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారు. పత్తి, బంగారం తెచ్చిపెట్టిన పేరది. అక్కడి బంగారు అంగళ్ళలో రోజంతా వినబడే సంభాషణ ఇది:

"తరుగెంత ఏస్తాండావు సామీ?"

"పన్నెండమ్మా."

"మొన్న మా చిన్నమ్మకు పదికే ఇస్తివి గదా!"

"అది గొలుసమ్మా. ఇది హారం, పని ఎక్కువ."

ఆఖరి జవాబు చూడండి. తరుగు అంటే పోయిన సరుకు. అడిగింది దాని గురించి. చెప్పింది పని గురించి. సరుకు నష్టం ఒకటి, చేతి కూలి ఇంకొకటి. మజూరీ అనే మాట వేరుగా ఉన్నా, కూలిలో పెద్ద భాగం తరుగులోనే దాక్కుంటుంది. ఇందులో మోసమే ఉందని నేను అనను. ఒకప్పుడు ఆచారి ముందు బంగారం పెట్టి నగ చేయించుకునేవాళ్ళు. మూసలో కరిగించడం, తీగ లాగడం, వెలిగారం పెట్టి అతకడం, ఆకురాయితో రుద్దడం, మెరుగు పెట్టడం: ప్రతి మెట్టులోనూ రవ్వంత రాలుతుంది. ఆ రాలింది గాలిలో కలిసిపోదు. కుంపటి బూడిదలో, పట్టెడ కింద దుమ్ములో, మెరుగు పెట్టిన నీళ్ళలో ఉంటుంది. ఆచారి అంగట్లో ఊడ్చిన మట్టిని డబ్బిచ్చి కొనుక్కుపోయి కడుక్కునేవాళ్ళున్నారంటే తరుగు ఎంత నిజమో, ఎంత అబద్ధమో అర్థమవుతుంది. కొనేవాళ్ళ లెక్కలో అది పోయింది. చేసేవాళ్ళ లెక్కలో అది సగం కూలి. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. బయటికి చెప్పుకోవడానికి మాత్రం అకర్మక క్రియే మర్యాదగా ఉంటుంది. 1963లో బంగారం నియంత్రణ వచ్చి పద్నాలుగు క్యారెట్లకు మించి నగ చేయకూడదన్నప్పుడు, ఆ కాస్త కూలీ పోయి దేశమంతటా ఎన్నో కంసాలి కుటుంబాలు వీధిన పడ్డాయి.

ఇప్పుడు గొలుసు దుకాణాలొచ్చాయి (బంగారు వీధిలో ఈ మాట అంటే ఎవరికైనా మెడలోని గొలుసే గుర్తొస్తుంది, అందుకే జనం కార్పొరేట్ షోరూం అంటారు). అక్కడ తరుగు అనే మాట మెల్లమెల్లగా వెనక్కి పోతోంది. ముందు దాని స్థానంలో వేస్టేజీ వచ్చింది. అది ఇంగ్లీషులో తరుగే, ఫరవాలేదు. దాని తర్వాత వచ్చిందే వి.ఏ., అంటే వాల్యూ అడిషన్. పత్రికల మొదటి పేజీల్లో "వి.ఏ. ఇంత శాతం నుంచి" అని పెద్దక్షరాలు, దాని పక్కనే కంటికి ఆనని చుక్క గుర్తు. తగ్గింది అని చెప్పే మాట పోయి, పెరిగింది అని చెప్పే మాట వచ్చింది. మనం చెల్లించే డబ్బు అదే. తరుగు అన్నంత కాలం అంగడిమనిషి ఎంతో కొంత పోయిందని ఒప్పుకునేవాడు, ఎంత పోయిందని మనం నిలదీసేవాళ్ళం. విలువ చేరింది అన్నాక ఏమని బేరమాడతాం?

లెక్క వేసి చూద్దాం. 22 క్యారెట్ల గ్రాము 9,000 రూపాయలు అనుకోండి. పది గ్రాముల గొలుసుకు 90,000. పన్నెండు శాతం కింద మరో 10,800. మొత్తం 1,00,800 మీద మూడు శాతం జీఎస్టీ 3,024. చేతికొచ్చేది పది గ్రాములు, బిల్లు 1,03,824. ఏడాది తిరక్కుండా అదే గొలుసు తీసుకెళ్ళి మార్చుకోండి. ధర మారకపోతే లెక్క పది గ్రాములకే మొదలవుతుంది, కరిగింపు పేరుతో అందులోనూ కొంత కోత పడొచ్చు. అమ్మినప్పుడు చేర్చిన ఆ విలువ తిరిగి కొనేటప్పుడు ఎక్కడికి పోయింది? తరుగు అని ఉంటే ఈ ప్రశ్నే పుట్టదు, పోయింది పోయిందే. చేర్చామన్నారు కాబట్టే అడగాల్సి వస్తోంది.

గొలుసు దుకాణాలను తిట్టడం ఈ వ్యాసం పని కాదు. తరుగు మీద జనం నోరు తెరిచేలా చేసిందీ కొంత వాళ్ళే. లలితా జ్యువెలరీ కిరణ్ కుమార్ టీవీలో గుండుతో కనిపించి, డబ్బులు ఎవరికీ ఊరికే రావని గుర్తుచేసి, నగ ఫోటో తీసుకెళ్ళి నాలుగు చోట్ల ధర పోల్చుకోమని చెప్పిన ప్రకటన తెలియని తెలుగిల్లు తక్కువ. వ్యాపారమే అది, అయినా పోల్చి చూడమనడం వినియోగదారుల సంఘాలు చెప్పే మాటే. ఇక మన ఊరి అంగళ్ళూ సత్యహరిశ్చంద్రులవి కావు. "రసీదు ఎందుకులే మ్మా, పన్ను మిగుల్తాది" అన్న ఆప్యాయత ఖరీదు పాత నగ మార్చేనాడు తెలుస్తుంది. కాకపోతే అక్కడ నిలేయడానికి ఒక మనిషి ఉంటాడు. ఇద్దరు వదినల్ని, నోరున్న ఒక పెద్దమ్మను వెంటేసుకుని అంగడెక్కే అలవాటు ఉందే, మా సీమలో వినియోగదారుల ఉద్యమమంటే నా దృష్టిలో అదే. ఏసీ షోరూంలో కూల్‌డ్రింక్ ఇచ్చి నవ్వుతూ నిలబడిన కుర్రవాడికి ఒక శాతం తగ్గించే అధికారం ఉండదు. పెద్దమ్మ తిట్లు వృథా.

కార్పొరేట్ అనే మాట మా వైపుకు బంగారంతో రాలేదు. ముందు ఇంటర్ కాలేజీతో వచ్చింది, తర్వాత ఆసుపత్రితో. పులివెందుల మనిషి ముఖ్యమంత్రిగా ఉండగా 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక "కార్పొరేట్ వైద్యం" పల్లెల్లోనూ నలిగిన మాటైంది. బాగా చూస్తారు, బాగా తీసుకుంటారు అనే రెండు అర్థాలూ దానిలో ఒకేసారి పలుకుతాయి. షోరూం మెట్లెక్కేటప్పుడూ జనం మనసులో ఉండేది ఈ రెండే.

తరుగుకు ఇంకో ముఖం పొలం వైపు ఉంది. పులివెందుల చీనీ బేరంలో "సూట్" అంటారు, తూకంలోంచి దళారి ముందే కొట్టేసే భాగాన్ని. మరాఠీలో సూట్ అంటే తగ్గింపు, మినహాయింపు. హిందీ ఛూట్ కూడా ఆ అర్థంలోనిదే. అక్కడ కొనేవాడికి దొరికే రాయితీ అది, ఇక్కడ అమ్మే రైతు మీద పడే కోత. జమ్మలమడుగు రేగడి నేలల శనగకు తేమ పేరు, గోతం పేరు. శనగ ఎండేకొద్దీ తూకం తగ్గడం నిజమే. అంటే ఇక్కడా అకర్మకంగా తరిగేది కొంత, సకర్మకంగా తరిగేది కొంత. తమిళంలో తరగు అంటే దళారీ రుసుమని తెలిసినప్పుడు నవ్వొచ్చింది. రెండు మాటలకూ చుట్టరికం అంటగట్టను గానీ, కాటా దగ్గర నిలబడ్డ రైతుకు ఆ చుట్టరికం చెప్పక్కర్లేదు.

అదే రైతు చీనీ తోట డబ్బుతో కూతురి పెళ్ళికి ప్రొద్దుటూరు వస్తాడు. అమ్మేచోట తన సరుకు తూకం తగ్గించి లెక్క కట్టారు. కొనేచోట బంగారం తూకం పెంచి లెక్క కడతారు. అక్కడ దాని పేరు సూట్, ఇక్కడ తరుగు. జరిగేది రెండు చోట్లా ఒకటే.

చట్టం సంగతి. 2021 జూన్ 16 నుంచి దశలవారీగా హాల్‌మార్కు తప్పనిసరైంది. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ అనే ఆరు అక్షరాల, అంకెల గుర్తు లేకుండా హాల్‌మార్కు నగ అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ గుర్తు కొడితే నగ వివరాలు కనబడతాయి. వేసిన ముద్ర కన్నా స్వచ్ఛత తక్కువని తేలితే, ఆ తేడాకు రెట్టింపు సొమ్ము, పరీక్ష ఖర్చు ఇవ్వాలని 2018 బీఐఎస్ నిబంధనల్లో ఉంది. ఇదంతా బంగారం ఎంత మేలిమిదో చెప్పే ఏర్పాటు. తరుగు ఎంత వేయాలో ఏ ముద్రా చెప్పదు. 916 అని చెక్కిన నగకు ఆరు శాతం వేయొచ్చు, ఇరవై ఆరు వేయొచ్చు. నాణ్యత గుర్తు చూసి ధర కూడా న్యాయమేనని మనమే అనుకుంటాం.

2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమలుకొచ్చింది. బిల్లు ఇవ్వననడం అందులో అనుచిత వ్యాపార పద్ధతి. నగ చెన్నైలో కొన్నా బెంగళూరులో కొన్నా జమ్మలమడుగు మనిషి కడపలోని జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు, ఉన్నచోటే అడిగే హక్కు ఈ చట్టంతో వచ్చింది. 5 లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు. ఫోన్లో అడగాలంటే 1915. అయితే కమిషన్ ముందు పెట్టాల్సింది కాగితం. దాని మీద వి.ఏ. శాతం అని ఒకే వరుస ఉంటే దాన్ని పట్టుకుని వాదించేదేముంది?

బిల్లులో రెండు వరుసలుండాలి. తరుగు: ఇన్ని మిల్లీగ్రాములు. కూలి: ఇన్ని రూపాయలు. షోరూం అయినా, సందులో ఆచారి అంగడైనా. అచ్చుకొట్టే యంత్రానికి ఇంకో వరుస భారం కాదు. అప్పుడు పెద్దమ్మ ఆ మొదటి వరుస మీద వేలు పెట్టి అడుగుతుంది: "ఇది తరిగిందా నాయనా, మీరు తరిగినారా?"